బఠాణీ గింజంత ఆపిల్

అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, వెస్ట్ లాఫయెట్ పట్టణంలో ఉన్న పర్‌డ్యూ విశ్వవిద్యాలయం అనగానే తెలుగు ఇళ్లలో గుర్తొచ్చేది ఇంజనీరింగ్. చంద్రుడి మీద తొలి అడుగు వేసిన నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ చదివింది అక్కడే కాబట్టి ఆ పేరు ఊరికే వచ్చింది కాదు. అదే ప్రాంగణంలో ‘హార్టికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్చర్’ విభాగం ఒకటి ఉంది. పండ్లు, కూరగాయలు, పూలు, ద్రాక్ష గురించిన పరిశోధన అందులో ఒక సగం. పార్కులకూ వీధులకూ ప్రాంగణాలకూ రూపమిచ్చే విద్య మరో సగం. ఈ విభాగం చేసిన పెద్ద పనుల్లో చాలావాటి మీద దాని పేరు కనిపించదు. యూరప్ తోటల్లో తెగులు సోకని ఆపిల్ కోస్తున్న రైతుకు ఆ గుణం ఏ ప్రయోగశాల నుంచి వచ్చిందో తెలిసే అవకాశం తక్కువ. చిత్తూరులో మామిడి గుజ్జును సంచుల్లో నింపి ఓడ ఎక్కించే వ్యాపారికీ అంతే. ఉద్యాన పరిశోధన స్వభావమే అలాంటిది. పని మొదలుపెట్టినవాళ్లు ఫలితం చూడకపోవచ్చు, చూసినవాళ్లు మొదటివాళ్లను ఎరగకపోవచ్చు.

భూమి ఇచ్చి కట్టిన బడి

1862లో అమెరికా కాంగ్రెస్ మారిల్ చట్టం చేసింది. ప్రతి రాష్ట్రానికీ కొంత ప్రభుత్వ భూమి కేటాయించి, దాన్ని అమ్మగా వచ్చిన డబ్బుతో వ్యవసాయం, యంత్రవిద్య నేర్పే కళాశాల పెట్టుకోమన్నది దాని సారాంశం. ఇండియానాలో ఆ కళాశాల తమ ఊళ్లో ఉండాలంటే తమ ఊళ్లో ఉండాలని చాలా పట్టణాలు పోటీపడ్డాయి. లాఫయెట్ వ్యాపారి జాన్ పర్‌డ్యూ 1,50,000 డాలర్లు ఇస్తానని ముందుకు రావడంతో 1869లో విషయం తేలిపోయింది, సంస్థకు ఆయన పేరే పెట్టారు. 1887 నాటి హ్యాచ్ చట్టం ఇలాంటి కళాశాలలకు ప్రయోగ క్షేత్రాలను, 1914 నాటి స్మిత్-లీవర్ చట్టం విస్తరణ సేవలను జోడించాయి. అలా బోధన, పరిశోధన, విస్తరణ మూడూ ఒకే సంస్థ భుజాన పడ్డాయి. పాఠం చెప్పే ప్రొఫెసరే తోటలో ప్రయోగం చేయాలి, ఫలితాన్ని రైతుకూ చెప్పాలి.

స్వాతంత్ర్యం తర్వాత భారతదేశం ఈ నమూనానే తెచ్చుకుంది. 1964లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి కాన్సాస్ స్టేట్ విశ్వవిద్యాలయం తోడ్పడింది. తర్వాత ఉద్యానశాస్త్రం వేరు కాపురం పెట్టింది. 2007లో పశ్చిమ గోదావరి జిల్లా వెంకట్రామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు సిద్దిపేట జిల్లా ములుగులో మరొకటి ఏర్పడింది. అమెరికాలో మాత్రం ఉద్యానశాస్త్రం విడిగా విశ్వవిద్యాలయం కాలేదు. పెద్ద విశ్వవిద్యాలయంలో ఒక విభాగంగానే ఉండిపోయింది. దాని వల్ల ఒక మేలు జరిగింది. పక్క భవనంలోనే తెగుళ్ల శాస్త్రవేత్త, ఎదురుగా జీవరసాయన శాస్త్రవేత్త, కాస్త అవతల ఇంజనీరు అందుబాటులో ఉన్నారు. ఈ విభాగం విజయాల్లో ఆ ఇరుగుపొరుగుల వాటా చిన్నది కాదు.

తెగులు మీద వందేళ్ల పోరాటం

ఆపిల్ పండించేవారికి స్కాబ్ తెగులును మించిన శత్రువు లేదు. వెంచూరియా ఇనిక్వాలిస్ అనే శిలీంధ్రం వసంతకాలపు వానల్లో లేత ఆకుల మీద, పిందెల మీద వాలి ముదురు ఆకుపచ్చ మచ్చలు వేస్తుంది. మచ్చలు బెరడు కట్టి, కాయ పగిలి, వంకర తిరుగుతుంది. తినడానికి పనికొచ్చినా అమ్మడానికి పనికిరాదు. తేమ ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో దీన్ని అదుపులో పెట్టడానికి ఒక్క సీజన్‌లో పది, పదిహేనుసార్లు మందు కొట్టడం మామూలే. కశ్మీర్ తోటలను 1973లో ఈ తెగులు ఊడ్చేసింది, కొన్నేళ్లకు హిమాచల్ ప్రదేశ్‌నూ చుట్టుకుంది. తెలుగు మార్కెట్లకు వచ్చే ఆపిల్ ఎక్కువగా ఆ రెండు చోట్లదే.

దీనికి మందు మలస్ ఫ్లోరిబండా అనే జపాన్ అలంకార వృక్షంలో దొరికింది. వసంతంలో చెట్టంతా పూలతో కప్పుకుపోతుంది. కాయ మాత్రం బఠాణీ గింజంత, పుల్లగా ఉంటుంది, ఎవరూ తినరు. 1914లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో సి.ఎస్. క్రాండల్ ఈ చెట్టును రోమ్ బ్యూటీ అనే తినే ఆపిల్‌తో సంకరపరిచాడు. ఆయన చూస్తున్నది తెగులు సంగతి కాదు, అడవి ఆపిళ్ల గుణాలు సంతానానికి ఎలా దిగుతాయన్న వంశపారంపర్య విషయం. 1926లో ఆ సంతానంలోని తోబుట్టువులనే మళ్లీ కలిపారు. తర్వాత ఆ చెట్ల మీద ఎవరికీ పెద్దగా ఆసక్తి మిగల్లేదు. అక్కర తీరిన ప్రయోగపు చెట్లను నరికి ఆ జాగా వాడుకోవడం ఎక్కడైనా జరిగేదే. ఇవి బతికి ఉండటం అదృష్టమనే అనాలి.

1940ల తొలి భాగంలో ఎల్.ఎఫ్. హఫ్ అనే యువ పరిశోధకుడు ఆ మిగిలిన చెట్లను పరిశీలిస్తూ కొన్నింటి ఆకుల మీద స్కాబ్ మచ్చ ఒక్కటీ లేదని గమనించాడు. చుట్టూ ఉన్న చెట్లన్నీ తెగులుతో నల్లబడ్డాయి. పర్‌డ్యూలోని తెగుళ్ల శాస్త్రవేత్త జె.ఆర్. షే ఆయనతో చేతులు కలిపాడు. హఫ్ న్యూజెర్సీలోని రట్‌గర్స్ విశ్వవిద్యాలయానికి మారడంతో పని అక్కడికీ పాకింది. పర్‌డ్యూ, రట్‌గర్స్, ఇలినాయ్ మూడూ కలిసి చేసిన ఈ కార్యక్రమానికి వాటి ఇంగ్లిష్ తొలి అక్షరాలతో పీఆర్ఐ అన్న పేరు స్థిరపడింది. ఆ అక్షరాలనే పండ్ల పేర్లలో దాచిపెట్టడం వాళ్లకు సరదా అయింది. ప్రిమా, ప్రిసిల్లా, ప్రిస్టీన్, ఎంటర్‌ప్రైజ్ పేర్లను ఇంగ్లిష్‌లో రాసి చూస్తే ఆ మూడక్షరాలూ వరుసగా కనబడతాయి.

పని చెప్పినంత తేలిక కాదు. అడవి చెట్టు తెగులును ఓర్చుకునే గుణంతో పాటు బఠాణీ సైజునూ పులుపునూ కూడా ఇస్తుంది. ఆ సంతానాన్ని మళ్లీ మంచి ఆపిల్‌తో కలపాలి, అందులో మేలైనదాన్ని ఏరి మళ్లీ మరో మంచి ఆపిల్‌తో కలపాలి. ఒక్కొక్క తరంలో అడవి వాటా సగం తగ్గుతుంది. విత్తనం నుంచి పెరిగిన ఆపిల్ కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి నాలుగైదు తరాలంటే మనిషి ఉద్యోగ జీవితమంతా దానికే సరిపోతుంది.

తెగుళ్ల శాస్త్రవేత్త పక్కన ఉండటం ఇక్కడే కలిసొచ్చింది. తట్టుకునే గుణాన్ని నియంత్రించేది ప్రధానంగా ఒకే ఒక జన్యువు అని తేలింది. దానికి విఎఫ్ అని పేరు పెట్టారు. ఆ జన్యువున్న చెట్టును మామూలు ఆపిల్‌తో కలిపితే మొలకల్లో దాదాపు సగానికి ఆ గుణం దిగుతుంది. ఏ సగానికో తెలుసుకోవడానికి కాపు దాకా ఆగనక్కర్లేదు. గ్రీన్‌హౌస్‌లో నారు దశలోనే శిలీంధ్ర బీజాలు కలిపిన నీళ్లు చల్లి, తేమలో ఉంచితే రెండు మూడు వారాల్లో ఆకులే చెప్పేస్తాయి. మచ్చ పడినవి చెత్తకుప్పలోకి, పడనివి తోటలోకి. వేల మొక్కలకు పట్టే స్థలం, ఎరువు, కూలీ ఇలా ఆదా అయ్యాయి. ఈరోజు డీఎన్ఏ పరీక్షతో చేసే వడపోతను వాళ్లు బూజుతోనే చేసేశారు. ఇంత సాదా పద్ధతికి దక్కాల్సినంత పేరు దక్కలేదు.

1970లో మొదటి రకం ప్రిమా విడుదలైంది. 1914 నుంచి లెక్కిస్తే 56 ఏళ్లు. ఆ తర్వాత జోనాఫ్రీ, రెడ్‌ఫ్రీ, డేటన్, విలియమ్స్ ప్రైడ్ వరసగా వచ్చాయి. డేటన్ అన్నది ఇలినాయ్‌లో ఈ పని చూసిన శాస్త్రవేత్త పేరు, విలియమ్స్ అన్నది పర్‌డ్యూ తెగుళ్ల శాస్త్రవేత్తది. 1990ల తొలినాళ్లలో వచ్చిన ఎంటర్‌ప్రైజ్, గోల్డ్‌రష్ రుచిలోనూ నిలవలోనూ ముందరి రకాలను మించిపోయాయి. గోల్డ్‌రష్ ఆలస్యంగా, అక్టోబరు చివర్లో కోతకొస్తుంది. చెట్టు మీదినుంచి అప్పుడే కోస్తే పులుపు పళ్లు జివ్వుమనిపిస్తుంది. చల్లని గదిలో రెండు మూడు నెలలు ఉంచితే పులుపు తగ్గి తీపి పైకి తేలుతుంది. జాగ్రత్తగా ఉంచితే ఏడు నెలల వరకు గట్టిగానే ఉంటుంది. ఇలినాయ్ రాష్ట్రం 2007లో దీన్ని తన అధికారిక ఫలంగా ప్రకటించుకుంది.

అయినా సూపర్ మార్కెట్ అరల్లో ఈ రకాలు అరుదే. గాలా, ఫ్యూజీ, హనీక్రిస్ప్ వంటి పేర్లకు అలవాటుపడిన వినియోగదారుడు కొత్త పేరును అంత తొందరగా చేతిలోకి తీసుకోడు. పెద్ద తోటల రైతుకు మందు కొట్టే యంత్రం, మనుషులు ఎలాగూ ఉన్నారు. అమ్ముడుపోయే రకం వదిలి తెగులు రాని రకానికి మారాల్సిన తొందర అతనికి లేదు. పెరటి తోటలు, సేంద్రియ తోటలు, రోడ్డు పక్కన అమ్ముకునే చిన్న రైతులు వీటిని ఆదరించారు. వ్యాపార లెక్కల్లో ఇది పాక్షిక విజయమే. విజ్ఞాన లెక్కల్లో మాత్రం సంగతి వేరు. ఫ్రాన్స్‌లో ఫ్లోరినా, చెక్ దేశంలో టోపాజ్ వంటి రకాలు అదే విఎఫ్ జన్యువుతో తయారయ్యాయి. కశ్మీర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన ఫిర్దౌస్ రకం వంశంలో ప్రిమా ఉంది.

ఒకే జన్యువు మీద ఇంత బరువు మోపడం ప్రమాదమని తెగుళ్ల శాస్త్రవేత్తలు మొదటినుంచీ హెచ్చరిస్తూనే ఉన్నారు. జర్మనీలోని ఆరెన్స్‌బుర్గ్‌లో ఆ జన్యువును దాటుకుపోయే శిలీంధ్ర తెగ కనిపించింది. 1993లో ఆ సంగతి పరిశోధన పత్రంగా వెలువడింది. ఇప్పుడు ప్రజననకారులు వేర్వేరు అడవి ఆపిళ్ల నుంచి రెండు మూడు జన్యువులు తెచ్చి ఒకే రకంలో పేరుస్తున్నారు. ఒకదాన్ని దాటిన శిలీంధ్రానికి మరొకటి అడ్డుపడుతుందని వాళ్ల ఆశ.

తోటమాలి, గ్రంథకర్త

ఈ కార్యక్రమానికి పర్‌డ్యూ వైపు నుంచి దశాబ్దాల పాటు వెన్నుదన్నుగా నిలిచినవాడు జూల్స్ జానిక్. 1931లో న్యూయార్క్‌లో పుట్టి, 1954లో పర్‌డ్యూలో డాక్టరేట్ పూర్తిచేసి అక్కడే అధ్యాపకుడయ్యాడు. 1963లో ఆయన రాసిన ‘హార్టికల్చరల్ సైన్స్’ అనేక దేశాల్లో పాఠ్యపుస్తకమైంది. 1979లో ‘హార్టికల్చరల్ రివ్యూస్’, 1983లో ‘ప్లాంట్ బ్రీడింగ్ రివ్యూస్’ అనే సంపుటాల వరుసను ప్రారంభించాడు. ఈ రంగంలో ఏ అంశం మీద పని మొదలుపెట్టినా ముందు వీటిని తిరగేయడం పరిశోధకులకు రివాజయింది.

ఆయనకు మరో వ్యసనం ఉండేది, పాత చిత్రాల్లో మొక్కలు వెతకడం. రోమ్‌లోని విల్లా ఫార్నెసీనా అనే భవనం పైకప్పు మీద 1515, 1518 మధ్య జొవాన్ని ద ఉదినే అనే చిత్రకారుడు పండ్లూ కూరగాయల తోరణాలు గీశాడు. ఇజ్రాయెల్‌కు చెందిన గుమ్మడిజాతి నిపుణుడు హ్యారీ ప్యారిస్‌తో కలిసి జానిక్ అందులోని సొర, దోస, గుమ్మడి బొమ్మలను జాతులవారీగా గుర్తించి 2006లో ప్రచురించాడు. వాటిలో అమెరికా గుమ్మళ్లు కూడా ఉన్నాయి. కొలంబస్ ప్రయాణమై పాతికేళ్లైనా నిండీ నిండకముందే ఆ పంటలు రోమ్‌కు చేరాయనడానికి పైకప్పు మీది బొమ్మ సాక్ష్యమైంది. వంకాయ చరిత్ర మీద కూడా ఆయన సహచరులతో కలిసి రాశాడు. వంకాయ పుట్టిల్లు భారత ఉపఖండం చుట్టుపక్కలే కాబట్టి ఆ చరిత్ర గుత్తివంకాయ దేశానికి పరాయిది కాదు. ప్రాంగణంలోని ఉద్యాన విభాగపు తోటకు ఇప్పుడు జానిక్ పేరే ఉంది.

టమాటా దారిలో సంచి

ఇండియానాలో టమాటా ప్రాసెసింగ్ పాత పరిశ్రమ. కోతకాలం కొద్ది వారాలే. పండిన పంటనంతా ఆ కొద్ది వారాల్లోనే వండి డబ్బాల్లోకి ఎక్కించాలి. మిగతా ఏడాదంతా యంత్రాలు ఖాళీ. అలాంటి ఒక క్యానింగ్ కుటుంబంలో పుట్టిన ఫిలిప్ నెల్సన్ పర్‌డ్యూ ఉద్యాన విభాగంలో అధ్యాపకుడిగా చేరాడు. గుజ్జును డబ్బాలో పోసి డబ్బాతో సహా ఉడికించే బదులు, గుజ్జును విడిగా తక్కువ సమయంలో ఎక్కువ వేడి చేసి, చల్లార్చి, ముందే క్రిమిరహితం చేసిన భారీ ట్యాంకులో నింపితే ఎలా ఉంటుందన్నది ఆయన ప్రశ్న. కష్టమంతా కవాటాల దగ్గర ఉంది. నింపేటప్పుడూ తీసేటప్పుడూ ఒక్క సూక్ష్మజీవి లోపలికి వెళ్లినా ట్యాంకు మొత్తం పాడవుతుంది. ఆ చిక్కు విడిపోయాక లక్షల లీటర్ల రసాన్ని ఫ్రిజ్ అవసరం లేకుండా నెలలపాటు నిలవ ఉంచడం సాధ్యమైంది. తర్వాత అదే సూత్రాన్ని ప్లాస్టిక్ సంచులకూ వర్తింపజేశారు. బ్రెజిల్ నారింజ రసం ఓడల్లో ఖండాలు దాటడం వెనక ఉన్నది ఈ విద్యే.

చిత్తూరు జిల్లాలో తోతాపురి కాలం వచ్చిందంటే గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి. అక్కడ తీసిన గుజ్జు క్రిమిరహిత సంచుల్లోకి, సంచి ఇనుప డ్రమ్ములోకి, డ్రమ్ము ఓడరేవుకు వెళుతుంది. ఈ అసెప్టిక్ పద్ధతికి మూలం టమాటాయే. 2004 సునామీ, 2005 కత్రినా తుపాను బాధితులకు తాగునీరు, ఆహారం చేరవేయడంలోనూ ఈ పరిజ్ఞానం అక్కరకొచ్చింది. నెల్సన్‌కు 2007లో ప్రపంచ ఆహార బహుమతి దక్కింది. ఆ సరికి ఆయన ఉద్యాన విభాగంలో లేడు. 1983లో పర్‌డ్యూలో ఆహార శాస్త్రం విడి విభాగమైంది, దానికి తొలి అధిపతి ఆయనే. తల్లి విభాగానికి కీర్తిలో వాటా అలా తప్పిపోయింది.

టమాటా మీద మరో దారిలో నడిచినవాడు ఉద్యాన విభాగానికి చెందిన అవతార్ హండా. కాయ పండుతున్నప్పుడు లోపల జరిగే మార్పులు ఆయన పరిశోధన విషయం. అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్త ఔతార్ మట్టూతో కలిసి, ఈస్ట్ నుంచి తీసిన ఒక జన్యువును టమాటాలో పెట్టి, అది కాయ పండే దశలోనే పనిచేసేలా అమర్చారు. పాలీఅమీన్లు అనే పదార్థాలు పెరిగాయి, వాటితోపాటు ఎరుపు రంగునిచ్చే లైకోపీన్ రెండు మూడు రెట్లయింది, కాయ తీగ మీద ఎక్కువ కాలం చెడకుండా నిలిచింది. 2002లో ‘నేచర్ బయోటెక్నాలజీ’ దీన్ని ప్రచురించింది. జన్యుమార్పిడి పంటల చుట్టూ ఉన్న వివాదాలూ ఖర్చుల మధ్య ఆ టమాటా మార్కెట్ ముఖం చూడలేదు. కాయ పండడం ఎలా అన్న అవగాహన మాత్రం మిగిలింది.

ఉప్పు, సువాసన

1980ల్లో ఇదే విభాగంలోని పాల్ హసెగావా, రే బ్రెసన్ బృందం పొగాకు కణాలను సీసాల్లో పెంచుతూ, ద్రవంలో ఉప్పును కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోయింది. చివరికి లీటరుకు 25 గ్రాముల ఉప్పులోనూ బతికే కణాలు తయారయ్యాయి. సముద్రపు నీటిలో ఉండేది లీటరుకు సుమారు 35 గ్రాములు. అలవాటుపడిన కణాల్లో ఒక ప్రొటీన్ మొత్తం ప్రొటీన్లలో పదో వంతు దాకా పేరుకుంది. దానికి ఆస్మోటిన్ అని పేరు పెట్టారు. అది శిలీంధ్రాలనూ అడ్డుకుంటుందని తర్వాత తెలిసింది. చౌడు నేలల్లో పంట తీయాలన్న ఆశతో ప్రపంచమంతటా ప్రయోగశాలలు ఆస్మోటిన్ జన్యువును రకరకాల పంటల్లో పరీక్షించాయి. సీసాలో కణం ఓర్చుకున్నంత మాత్రాన పొలంలో మొక్క ఓర్చుకోదని ఆ ప్రయత్నాలు తెలిపాయి. వేరు, కాండం, ఆకు ఉప్పును ఎలా పంచుకుంటాయన్నది కణం ఒక్కటే చెప్పగలిగే సంగతి కాదు.

పూల వాసన సంగతి ఇంకా చిత్రమైనది. ఈ విభాగంలో అధ్యాపకురాలిగా చేరిన నటాలియా దుదరేవా పూలు సువాసనను ఎలా తయారుచేస్తాయి, ఎప్పుడు వదులుతాయి అన్న ప్రశ్నను పట్టుకుంది. తుమ్మెదల కోసం వేచే స్నాప్‌డ్రాగన్ పగటిపూట, రాత్రి చిమ్మెటల కోసం వేచే పెటూనియా చీకటి పడ్డాక ఎక్కువ వాసన వదులుతాయి. వాసన అణువులు కణపు పొరను దాటి గాలిలోకి వాటంతట అవే ఆవిరైపోతాయని చాలాకాలం అనుకున్నారు. పెటూనియాలో అవి ఒక ప్రత్యేక ప్రొటీన్ సాయంతో బయటకు వెళతాయని ఆమె బృందం 2017లో ‘సైన్స్’ పత్రికలో చూపించింది. ఆ ప్రొటీన్ తగ్గితే వాసన బయటకు రావడం తగ్గుతుంది, లోపలే పేరుకుని కణపు పొరను దెబ్బతీస్తుంది. పువ్వుకు పరిమళం విడవడం అంటే కీటకాలను పిలవడమే కాదు, తనను తాను కాపాడుకోవడం కూడా.

అలసందలు, అంతరిక్షం

అంతరిక్షంలో ఎక్కువ కాలం ఉండాలంటే తిండీ ప్రాణవాయువూ అక్కడే తయారు కావాలి. ఈ విషయంలో నాసాతో కలిసి దశాబ్దాలు పనిచేసినవాడు ఈ విభాగానికి చెందిన కేరీ మిచెల్. ఆయన ఎంచుకున్న పంటల్లో అలసంద ఒకటి. ఆఫ్రికాలో దాని లేత ఆకునూ కూరగా వండుకుంటారు. గింజతో పాటు ఆకూ తినగలిగితే వ్యర్థం తగ్గుతుంది, చిన్న గదిలో సాగుకు అది ముఖ్యం. అయితే దట్టంగా పెరిగిన అలసంద పందిట్లో పై ఆకులే వెలుగు మింగేస్తాయి, కింది ఆకులు నీడలో పండిపోయి రాలిపోతాయి. దీపాన్ని పైన వేలాడదీసే బదులు మొక్కల మధ్యలో నిలబెట్టాలన్నది పరిష్కారం. పాతరకం సోడియం దీపాలు మంటల్లాంటివి, దగ్గర పెడితే ఆకు మాడుతుంది. ఎల్ఈడీలు వచ్చాకే ఆ ఆలోచన నడిచింది. ఎరుపు, నీలం ఎల్ఈడీల నిలువు పట్టీలను ఆకుల నడుమ పెట్టి, కింది ఆకులు కూడా పచ్చగా ఉండేలా చేయగలిగారు.

మిచెల్ దగ్గర పోస్ట్ డాక్టరల్ పరిశోధన చేసిన జోయా మాసా తర్వాత నాసా కెన్నెడీ కేంద్రానికి వెళ్లింది. 2014లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరిన ‘వెజీ’ అనే చిన్న తోట పెట్టెకు శాస్త్రీయ బాధ్యురాలిగా ఉంది. 2015 ఆగస్టులో వ్యోమగాములు అందులో పెరిగిన ఎర్ర లెట్యూస్ ఆకులు తిన్నారు. నేల మీద కూడా ఈ పని ఫలించింది. శీతాకాలంలో గ్రీన్‌హౌస్ టమాటాకు పైనుంచి సోడియం దీపాలు, మొక్కల మధ్య ఎల్ఈడీలు పెట్టి 2013లో పోల్చిచూస్తే దిగుబడి దాదాపు సమానంగా ఉంది, ఎల్ఈడీల వైపు విద్యుత్తు ముప్పావు వంతు మిగిలింది. అంతరిక్షం కోసం మొదలైన లెక్క చివరికి కరెంటు బిల్లు దగ్గరకు వచ్చింది. రైతుకు కావలసిందీ అదే.

గీత గీసేవాళ్లు

విభాగం పేరులోని రెండో సగాన్ని చాలామంది పూలమొక్కలు నాటే పనిగా పొరబడతారు. ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అన్న మాటను ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ న్యూయార్క్ సెంట్రల్ పార్క్ పనిలో వృత్తి పేరుగా వాడుకలోకి తెచ్చారు. 1899లో అమెరికాలో ఈ వృత్తికి సంఘం ఏర్పడింది. మరుసటి ఏడాది హార్వర్డ్‌లో చదువు మొదలైంది. ఈ విద్యలో వాలు, నేల రకం, వాన నీటి పారుదల, మనిషి నడక, నీడ, నిర్వహణ ఖర్చు అన్నీ లెక్కకొస్తాయి. మొక్క చివరన వస్తుంది. వాలు సరిగా లేని చోట ఎంత ఖరీదైన మొక్క పెట్టినా నీళ్లు నిలిచి చచ్చిపోతుంది.

పర్‌డ్యూలో ఇది ఐదేళ్ల డిగ్రీ. మధ్యలో ఒక ఏడాది విద్యార్థి తరగతికి రాడు, ఏదో ఒక డిజైన్ కార్యాలయంలో పనిచేస్తాడు. గీసిన గీతకు కాంట్రాక్టరు ఎంత ధర వేస్తాడో, మున్సిపాలిటీ ఏ నిబంధన చూపిస్తుందో అక్కడ తెలుస్తుంది. తిరిగి వచ్చాక చివరి ఏడాది గీసే నక్షాలకు బరువు పెరుగుతుంది.

వాన నీరు ఇక్కడ పెద్ద విషయం. లాఫయెట్, వెస్ట్ లాఫయెట్ సహా ఇండియానాలోని పాత పట్టణాల్లో మురుగునీరూ వాననీరూ ఒకే గొట్టంలో పోయే కాలువలున్నాయి. జోరువాన పడితే గొట్టం పట్టక ఆ కలగలుపు నీరు నదిలోకి పొంగుతుంది. గొట్టాలు మార్చడానికి కోట్ల డాలర్లు కావాలి. ఇంటి చూరు నుంచి పడే నీటిని పెరట్లోనే ఇంకిస్తే ఆ మేరకు గొట్టం మీద బరువు తగ్గుతుంది. దీన్ని నేర్పడానికి పర్‌డ్యూ విస్తరణ సేవ ‘రెయిన్‌స్కేపింగ్’ అనే శిక్షణ నడుపుతోంది. పెరట్లో పల్లంగా, జానెడు లోతున తవ్విన మడిలో ప్రేరీ గడ్డి, ఆ నేలకు అలవాటైన పూలమొక్కలు నాటుతారు. వాటిలో కొన్నింటి వేళ్లు రెండు మీటర్లకు మించి దిగుతాయి, నీరు ఆ దారుల్లో ఇంకుతుంది. ఒకటి రెండు రోజుల్లో మడి ఎండిపోవాలన్నది నియమం, లేకపోతే దోమలు గుడ్లు పెడతాయి. చెరువులూ నాలాలూ పూడ్చి కట్టుకున్న హైదరాబాద్ కాలనీలకు ఈ లెక్క కొత్తగా చెప్పనక్కర్లేదు.

కౌంటీ కార్యాలయం, పుచ్చతోట

ఇండియానాలోని 92 కౌంటీల్లోనూ పర్‌డ్యూ విస్తరణ కార్యాలయం ఉంది. ప్రాంగణంలోని తెగుళ్ల నిర్ధారణ ప్రయోగశాలకు ఆకులూ కొమ్మలూ కవర్లలో వస్తాయి, ఏ రోగమో చెప్పి జవాబు పంపుతారు. మాస్టర్ గార్డెనర్ అన్న కార్యక్రమంలో ఊరివాళ్లే శిక్షణ తీసుకుని, బదులుగా కొన్ని గంటలు ఉచితంగా సేవ చేస్తారు. ఆ విధంగా ఒక నిపుణుడు చేయలేనంత పని జరుగుతుంది.

రాష్ట్రపు నైరుతి మూల విన్సెన్స్ పట్టణం దగ్గర ఇసుక నేలల్లో పుచ్చ, ఖర్బూజా విస్తారంగా పండుతాయి. అక్కడి పర్‌డ్యూ వ్యవసాయ కేంద్రంలో రకాల పోలిక, ప్లాస్టిక్ పరదా గుడారాల్లో సాగు, అంటు మొక్కల మీద ప్రయోగాలు జరుగుతాయి. గింజలేని పుచ్చ మొక్కలో పుప్పొడి పనిచేయదు. మధ్యలో గింజలున్న రకం వేస్తే దాని పుప్పొడిని తేనెటీగలు మోసుకొస్తేనే కాయ పడుతుంది. ఎన్ని మొక్కలకు ఒకటి, ఏ రకం, వరుసలో ఎక్కడ అన్నవి రైతు అడిగే మొదటి ప్రశ్నలు. ఏటా అదే నేలలో పుచ్చ వేస్తే ఫ్యూసేరియం ఎండుతెగులు పేరుకుంటుంది. ఆ శిలీంధ్రం సొర, గుమ్మడి వేళ్లలో చొరలేదు కాబట్టి ఆ మొక్క మొదలు మీద పుచ్చ చిగురును అంటుకడతారు. అంటు మొక్క ఖరీదు మామూలు నారు కంటే చాలా ఎక్కువ, కట్టడానికి చేతివాటమూ కావాలి. అందుకని మంచి నేల ఉన్న రైతుకు మామూలు నారే చాలని, ఎండుతెగులు ఏటా తిరిగొచ్చే పొలానికే అంటు గిట్టుబాటవుతుందని విస్తరణ సిబ్బంది చెబుతారు.